ఎవరికీ తెలియని రోడ్డు మీద తమ్ముడి సైకిల్

మా అపార్ట్‌మెంట్‌లో ఆదివారం సైకిల్ గుంపు మొదలుపెట్టి రెండేళ్లవుతోంది. పొద్దున్నే మానేరు డ్యామ్ కట్ట మీద తొక్కుదాం రండని కరీంనగర్‌లో ఎంతమందిని బతిమాలానో లెక్కలేదు. ఒకరికి మోకాళ్ల నొప్పి, ఒకరికి కుక్కల భయం, ఇంకొకరు వచ్చే వారం నుంచి పక్కా అంటారు. ఆ వచ్చే వారం ఇంతవరకు రాలేదు. నాకు కోపం త్వరగా వస్తుంది, దాన్ని దాచుకోవడం చేతకాదు. అందుకే సగంమంది నన్ను చూడగానే లిఫ్టు కోసం ఆగకుండా మెట్లెక్కేస్తారు. అదీ ఒక వ్యాయామమే కదా అని సరిపెట్టుకుంటాను.

అయితే ఇప్పుడు చెప్పబోయే ప్రయాణం వాళ్ల కోసం కాదు, మా తమ్ముడు రవి కోసం. పద్దెనిమిదేళ్లు దుబాయ్‌లో పనిచేసి, పోయిన ఏడాది సుల్తానాబాద్‌లోని ఇంటికి పూర్తిగా వచ్చేశాడు. వచ్చిన నాటి నుంచి షుగర్ పెరుగుతూనే ఉంది. అరికాళ్లు మొద్దుబారుతున్నాయి, ఇలాగే కూర్చుంటే కాలికే ముప్పని డాక్టర్ మొహం మీదే చెప్పేశాడు. వీడేమో సందు చివర పాన్‌డబ్బాకు కూడా మోటార్‌సైకిల్ మీదే పోతాడు. సైకిల్ కొనిస్తాను తొక్కరా అంటే అంతెత్తున లేచాడు.

"నీకేందక్కా, కరీంనగర్ల ఎవ్వలకెవ్వలు ఎర్క? ఈడ సైకిల్ మీద కనవడితే దుబాయ్‌ల మునిగి వచ్చిండంటరు. నా ఇజ్జత్ ఏంగావాలె?"

మా వైపు ఇది మామూలు సంగతే. గల్ఫ్ నుంచి వచ్చినవాడి గుమ్మం ముందు వారం తిరిగేలోపు పెద్ద బండి నిలబడాలి. సైకిలెక్కాడంటే చేతులూపుకుంటూ వచ్చాడని ఊరే తేల్చేస్తుంది. వాదించి వాదించి గొంతు పోయాక, సరే, నిన్నెవరూ గుర్తుపట్టని చోటికి తీసుకుపోతాను, ఒక్కరోజు తొక్కు అన్నాను. చీకట్లో వచ్చి ఎక్కించుకుంటేనే వస్తానని షరతు పెట్టి ఒప్పుకున్నాడు.

ఫిబ్రవరి చివర్లో ఒక ఆదివారం బయల్దేరాం. ట్రాలీ ఆటో నడిపే సలీంభాయ్‌తో రానుపోను నాలుగు వేలకు మాట్లాడుకున్నాను. నా గేర్ల సైకిల్, మా అబ్బాయి వదిలేసిన మామూలు సైకిల్, రెండింటి మధ్య పాత దుప్పట్లు పెట్టి ఆయనే తాళ్లతో కట్టాడు. నాలుగింటికి కరీంనగర్ వదిలితే ఐదు కాకముందే సుల్తానాబాద్ చేరాం. రవి తలకు మఫ్లర్ చుట్టుకుని చీకట్లో గోడవారగా నిలబడి ఉన్నాడు. సలీంభాయ్‌కి నవ్వు ఆగలేదు.

"అరే, చోరీ మాలేమన్న తీస్కపోతున్నమా భయ్యా? జర ఆరాంగ కూసో, ఫికర్ చెయ్యకు."

పెద్దపల్లి, గోదావరిఖని దాటి, వంతెన మీద గోదావరిని దాటితే ఇందారం చౌరస్తా వస్తుంది. అక్కడ ఎడమకు మళ్లితే మంచిర్యాల, కుడికి చెన్నూరు. చౌరస్తాలో పది రూపాయల చాయ్ తాగి, ఆరున్నరకు సైకిళ్లు దింపాం. సలీంభాయ్ చెన్నూరులో కలుస్తానని ముందుకు పోయాడు. అక్కడి నుంచి దాదాపు ముప్పై కిలోమీటర్లు. జైపూర్ వరకు బొగ్గు లారీలు ఎక్కువ, రోడ్డు అంచు వదలకూడదు. ఆ తర్వాత అడవి మొదలవుతుంది.

ఆ అడవిని కారులో ఎన్నోసార్లు దాటాను, చూసింది మాత్రం ఆ రోజే. ఆకులన్నీ రాలిన టేకు చెట్ల నడుమ మోదుగలు విరగబూసి ఉన్నాయి. కనుచూపుమేరా ఆ ఎరుపే. ఎండ పడేకొద్దీ ఆ రంగు పెరుగుతోంది. లారీ రానప్పుడు ఎంత నిశ్శబ్దమంటే, ఎండుటాకుల్లో ఏదో పిట్ట గీరుతుంటే వినిపిస్తోంది. నేను నోరు తెరుచుకుని తొక్కాను. ఒకచోట ఆగి, ఇంత అందం మనింటి పక్కనే పెట్టుకుని ఎక్కడెక్కడో తిరిగామా అని పైకే అనేశాను.

అంతకంటే ఆశ్చర్యం మా తమ్ముడు. పాపం, రెండు కిలోమీటర్లకే ఆయాసపడతాడు, నేనే మెల్లగా నడిపించాలనుకున్నాను. వాడు సీటు మీద నిటారుగా కూర్చుని, ఒక్క చెయ్యి హ్యాండిల్ మీద వేసి పోతున్నాడు. ఎదురుగాలి మొదలయ్యేసరికి నా ముందుకొచ్చాడు. "నా ఎన్కనే రా అక్కా, నీకు గాలి తగలది." నిజంగానే తగల్లేదు. గేర్లు లేని సైకిల్ మీద వాడు గాలిని చీల్చుకుంటూ పోతుంటే, వెనక నేను రొప్పుకుంటూ పోయాను.

భీమారంలో పూరీల కోసం ఆగాం. ప్లేటు నలభై. పొయ్యి దగ్గరున్న పెద్దమ్మ మా సైకిళ్లను చూసి, "మా ఆయన గిట్లనే సైకిల్ మీద బాయికి పోతుండె" అంది. ఇక్కడ బాయి అంటే బొగ్గు గని. ఇంకో పూరీ వడ్డించి, దానికి పైసలొద్దంది. అప్పుడే హోటల్ ముందు ఒక బియ్యం లారీ ఆగింది. దిగినాయన సుల్తానాబాద్ మల్లేశం మామ. మా పాత ఇంటి పక్కనే ఉండేవాడు. రవి మొహంలో రంగు పోయింది.

"ఏం రవీ, నువ్వేనా? సైకిల్ మీద వచ్చినవేంది బిడ్డా? చెన్నూర్ల మాల్ దింపి ఎన్కకే పోత. సైకిల్ ఎక్కియ్యి, ఇంటికాడ దింపుత."

ఆ గొంతులో ఉన్నదంతా జాలే. రవి తల దించుకున్నాడు. "బండి ఖరాబైంది మామా. అక్కనే తీస్కచ్చింది, నేనైతె రాకపోతుంటి."

నాకు ఒళ్లు మండిపోయింది. బండి పాడైతే ఇంత దూరం సైకిల్ మీద ఎవడొస్తాడు? మామ కూడా నమ్మలేదు, తల ఊపి లోపలికి పోయాడు. నా జన్మలో మొదటిసారేమో, నోటి దాకా వచ్చిన మాట మింగేసి సైకిలెక్కాను.

తొమ్మిదిన్నరకు చెన్నూరు దాటి గోదావరి ఒడ్డుకు చేరాం. ఇక్కడ నది ఉత్తరానికి తిరిగి పారుతుంది. ఇసుక, నీళ్లు, మళ్లీ ఇసుక, ఆవలి ఒడ్డు సన్నటి గీతలా ఉంది. ఇంత పెద్ద నది ఇంత చప్పుడు లేకుండా పోతుందా అనిపించింది. రవి చాలాసేపు నీళ్లలో కాళ్లు పెట్టుకుని నిలబడ్డాడు.

"అక్కా, దుబాయ్‌ల కంపెనీ కారు నడుపుతున్న అని మీకు చెప్తుంటి గదా. నడపలే. లేబర్ క్యాంపు నుంచి పనికి అన్నేండ్లు సైకిల్ మీదనే పోయిన, సైకిల్ మీదనే వచ్చిన. మీకు పంపిన ఫోటోలల్ల కారు మా సూపర్వైజర్ది. దానికి ఆనుకొని ఫోటో దిగి, మల్ల నా సైకిలెక్కుతుంటి."

"మరి అప్పుడు షుగర్ ఉండెనారా?"

"లే."

ఆ ఒక్క మాటకి నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. వాడూ నవ్వాడు. మండుటెండలో, ఇసుక గాలిలో అన్నేళ్లు తొక్కిన మనిషి, మాకు తెలియకూడదని దాచుకుని, ఇక్కడికొచ్చి కాళ్లు పోగొట్టుకోబోయాడు. వాడి మీద ఎంత ప్రేమ కలిగిందో, ఆ ఇజ్జత్ మీద అంత అసహ్యం పుట్టింది.

భోజనం చేసి, సైకిళ్లు ట్రాలీలో వేసుకుని వెనక్కి బయల్దేరాం. మధ్యాహ్నం మూడు దాటాక, సుల్తానాబాద్ ఇంకా రాకముందే రవి బండి ఆపమన్నాడు. సలీంభాయ్ ఏమీ అడక్కుండా తాళ్లు విప్పాడు. వాడు మఫ్లర్ తీసి నా ఒళ్లో పడేసి సైకిలెక్కాడు. పట్టపగలు, మెయిన్ రోడ్డు మీద. మేము వెనకే మెల్లగా పోయాం. ఇద్దరు ముగ్గురు ఆగి చూశారు. పాన్‌డబ్బా దగ్గర ఒకాయన అడగనే అడిగాడు, "ఏం రవీ, దుబాయ్‌ల ఏమన్న అయిందా?"

రవి కాలు నేలకానించి ఆగాడు.

"అయింది కాకా. ఆడ రోజు సైకిల్ తొక్కుతుంటి, ఈడికొచ్చి బంద్ చేసిన. గందుకే షుగర్ పెరిగింది."

రెండేళ్లుగా నేను ఆరోగ్యమన్నాను, పెట్రోలు రేటన్నాను, పొగ అన్నాను. అవేవీ ఎవరికీ తెలియక కాదు. మన ఊళ్లలో సైకిల్ బరువంతా పెడల్ మీద లేదు, చూసేవాళ్ల కళ్లలో ఉంది. ఆ బరువును మా తమ్ముడు మోసి, నడిబజార్లో దించడం చూశాను. గోదావరిని చూసినప్పటి కంటే నాకు అప్పుడే ఎక్కువ ఒళ్లు పులకరించింది. మీరూ ఎవరినైనా సైకిలెక్కించాలనుకుంటే ఒక్క సలహా: మొదటిసారి ఎవరికీ తెలియని రోడ్డుకు తీసుకుపోండి, తిరిగొచ్చేటప్పుడు మాత్రం బండిని వాళ్ల ఊరి మొదట్లోనే ఆపించండి.