పంతొమ్మిదో పేజీ దాకా

పొద్దున పదకొండు గంటలకు మా పాత విద్యార్థుల గ్రూపులో ఒక్క లైను వచ్చింది: "కోరుట్ల కంప్యూటర్ సారు ఇగ లేరు." ఆ సమయానికి నేను జగిత్యాలలో మా ఆఫీసులో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పని జరుగుతోంది, చేస్తున్నది మాత్రం నేను కాదు. ఏం కావాలో నాలుగు మాటల్లో చెప్పాను, ఏఐ దానంతటదే ప్రోగ్రాం రాసుకుపోతోంది. తెర మీద వరుసలు నేను చదవలేనంత వేగంగా పైకి పోతున్నాయి. ఆ మెసేజ్‌ను రెండోసారి, మూడోసారి చదివి తలెత్తేసరికి దాని పని అయిపోయింది. "పూర్తయింది, వాడకంలోకి ఎక్కించమంటారా?" అని అడుగుతోంది. అది ఏం రాసిందో నాకు తెలియదు. జవాబివ్వకుండా లాప్‌టాప్ మూసేసి కోరుట్ల బస్సెక్కాను.

బస్సులో నాకు ఏడుపు రాలేదు, భయం వేసింది. గురువు పోతే శిష్యురాలికి దుఃఖం రావాలి గానీ భయమెందుకని మీరు అడగవచ్చు. అది చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

సారు నేర్పిన చోటు కోరుట్లలో ఒక బట్టల దుకాణం మీద గది. కంప్యూటర్లు ఆరు, పని చేసేవి నాలుగు, మేమేమో ముప్పై మందిమి. కరెంటు ఉంటే అదృష్టం. అందుకని ప్రోగ్రాం ముందు కాగితం మీద రాయాలి. రాశాక దాన్ని పక్కనున్న వాళ్లకు ఇవ్వాలి. వాళ్లు ఒక్కో వరుసా పైకి చదివి, అర్థమైతే ఆ వరుస చివర పెన్సిల్‌తో చుక్క పెట్టాలి. అన్ని వరుసలకూ చుక్కలు పడితేనే కంప్యూటర్ దగ్గర వంతు. ఎవరు రాసింది వాళ్లే చదువుకుంటే ఒప్పుకునేవారు కాదు.

"రాసినోళ్లు సదవొద్దు బిడ్డా. రాసినోళ్ల కండ్లకు మనసుల అనుకున్నదే కనవడ్తది, కాగితం మీదున్నది కనవడది. పక్కనోళ్లు సదవాలె."

నాకు ఒళ్లు మండేది. నా పక్కన కూర్చునే అమ్మాయి ప్రతి వరుస దగ్గరా ఆగి "ఇదెందుకు?" అనేది. నేను చెప్పలేక ఉడుక్కునేదాన్ని. సారేమో నవ్వుకుంటూ సగం బ్లేడుతో పెన్సిల్ చెక్కుకునేవారు. చెక్కిన పొట్టు గదిలో పడకుండా చొక్కా జేబులో వేసుకునేవారు. మా కాగితాలు చదువుతున్నప్పుడు ఆయన పెదవులు సన్నగా కదిలేవి, బొటనవేలూ చూపుడువేలూ ఒకదానితో ఒకటి రాసుకునేవి. సారు పారాయణం మొదలైందిరా అని మేం వెనక గుసగుసలాడుకునేవాళ్లం.

ఆ వేళ్లకు ఆ అలవాటు ఎక్కడిదో తరువాత తెలిసింది. సారుది సిరిసిల్ల. డిగ్రీ చదువుతూనే సాంచెల మీద పని చేశారు. సాంచె అంటే మా దగ్గర మరమగ్గం. ఒక బీముకు చుట్టిన నూలు అయిపోతే, కొత్త బీము పోగులను పాత పోగులకు ఒక్కొక్కటిగా వేళ్లతో మెలిపెట్టి అతకాలి. వేల పోగుల్లో ఒక్కటి తప్పినా బట్ట పొడుగునా గీత పడుతుంది. ఆ పని చేసిన చేతులతోనే సారు మా ప్రోగ్రాములు చదివారు. వరుసకు వరుస అతుక్కుందా లేదా అని ఆయన వేళ్లు చూసుకునేవి.

ప్రోగ్రాం నడిచి జవాబు వస్తే మేం గంతులేసేవాళ్లం. సారు మాత్రం, "అచ్చిందా అని నేనడుగలే. ఎట్లచ్చిందో జెప్పు" అనేవారు. చెప్పలేక అర్థమైనట్టు తల ఊపామా, ఇక అయిపోయినట్టే. "సమజ్ గాలేదంటే సిగ్గేంది? సమజ్ గాకుండనే తలకాయ ఊపుతరు సూడు, గది సిగ్గు."

చదువయ్యాక పట్నంలో కొన్నేళ్లు ఉద్యోగం చేసి, తిరిగొచ్చి జగిత్యాలలో చిన్న కంపెనీ పెట్టాను. సిరిసిల్ల, కోరుట్ల చుట్టుపక్కల చిన్న దవాఖానలకు మా సాఫ్ట్‌వేర్ ఇస్తాం. ఏ రోగి ఏ గోలి ఎప్పుడు వేసుకోవాలో, మళ్లీ పరీక్షకు ఎప్పుడు రావాలో అది ఫోనుకు మెసేజ్ పంపుతుంది. మొదట్లో ప్రతి వరుసా మేమే రాశాం. ఏఐ వచ్చాక మేం నెల పట్టించిన పని ఒక పూటలో అవడం మొదలైంది. మొదటి వారం పండగలా ఉంది, నిజం. రెండో వారంలో ఎందుకో సారు గుర్తొచ్చి, అది రాసినదంతా అచ్చు తీసి కోరుట్ల పట్టుకెళ్లాను. "ఇది రాసింది నేను కాదు సార్. కనుక నేనైనా చదవొచ్చు గదా" అని హాస్యమాడాను. సారు నవ్వలేదు. కళ్లజోడు పెట్టుకుని పెన్సిల్ తీశారు.

మూడో రోజు ఫోను చేశారు.

"గిక్కడ ఏమంటున్నవు? ఒక ఫోను నంబరు ఉంటే ఒకలే మనిషా?"

"అవ్ సార్. ఒకలే రెండుసార్లు నమోదైతే కలిపేస్తది."

"ఎవలు జెప్పిన్రు?"

"ఎవలు జెప్పలే సార్. అదే రాసింది."

"సిరిసిల్లల మా గల్లీకి ఎన్నడన్న అచ్చినవా? సాంచెల చప్పుడుల ఫోను ఇనవడ్తదా? దవాఖానల అందరు సాంచెల ముంగట చాయ్ హోటలామె నంబరే రాపిస్తరు. మెసేజ్ అస్తే గామెనే లోపటికి పోయి చెవుల జెప్పి అస్తది."

వెంటనే మా దగ్గరున్న పేర్లు వెతికాను. ఆ ఒక్క నంబరు మీద పదకొండు మంది ఉన్నారు. అందులో షుగరున్న ముసలాయన ఒకరు, నెలలు నిండుతున్న ఆమె ఒకరు. ఆ ప్రోగ్రాం ఎక్కించి ఉంటే పదకొండు మందీ ఒక్క రోగి అయిపోయేవారు. ఆయన గోలీలు ఆమెకు చెప్పేవాళ్లం. అది రాసిన వరుస చూడటానికి ఎంత చక్కగా ఉందో! తప్పున్నట్టే లేదు. వేరే ఊళ్లో అయితే తప్పు కాదేమో కూడా. ఇకమీదట సారు చుక్కలు పెట్టనిదే ఏదీ ఎక్కించనని ఆయనకు మాటిచ్చాను.

సారు ఏఐని తిట్టే మనిషి కాదని ఇక్కడ చెప్పాలి. ఫోనులో వేసుకుని, మాకు నేర్పిన పాఠాలన్నీ దాన్ని అడిగి చూశారు. "నాకన్న మంచిగ జెప్తంది" అని మెచ్చుకున్నారు. మళ్లీ ఆయనే అన్నారు. "తప్పు జేస్తదని గాదు బిడ్డా నా భయం. మంచిగనే జేస్తది. పదిసార్లు మంచిగ జేస్తే పదకొండోసారి మనం సూస్తమా? మా నాయిన ఒక్క మగ్గం మీద కూసునెటోడు. పోగు తెగితే కాలికే ఎర్కైతుండె. నేను ఎనిమిది సాంచెల నడుమ తిరిగిన. ఎన్కదాంట్ల పోగు తెగితే, నేను మర్లి సూసేదాక అది నేస్తనే ఉంటది. ఇప్పుడు నీ ఎన్క ఎన్ని నడుస్తున్నయో ఎర్కేనా నీకు?"

నాకు తెలియదు. అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు.

మాట ఎన్నాళ్లు నిలబెట్టుకున్నానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఒక డాక్టరు పిలిచి, పట్నం నుంచి ఇద్దరొచ్చి ఇలాంటిదే వారంలో చేసి చూపించారనీ, మీకు నెలలెందుకనీ అడిగాడు. కంపెనీ మూసుకోవాల్సి వస్తుందేమోనని భయపడ్డాను. మా దగ్గర కథలాపూర్ అమ్మాయి ఒకతె ఉండేది, సారు పంపిన పిల్లే. రాసినది చదివి తప్పులు పట్టడం ఆమె పని. ఆ పని కూడా ఏఐ చేస్తుందని ఆమెను మాన్పించాను. ఏఐ రాసినదాన్ని ఏఐ చేతే చదివించాను. రాసినోళ్లు చదవొద్దన్న మాట నాకు గుర్తు రాలేదని అనను. గుర్తొచ్చింది, పక్కకు తోసేశాను.

"ఆ కథలాపూర్ పిల్ల ఏం జేస్తంది?" అని సారు ఒకసారి అడిగారు. ఇంటికాడనే ఉంది సార్ అన్నాను.

అప్పటికే సారుకు ఒంట్లో బాగుండటం లేదు, చూపు మసకబారింది. ఒక కట్ట చదవడానికి ఇరవై రోజులు పడుతోంది. అయినా అచ్చు తీసిన కాగితాలు ఆయనకు పంపుతూనే ఉన్నాను. పంపకపోతే నొచ్చుకుంటారని నాకు నేను చెప్పుకున్నాను. చివరిసారి పంపినది నలభై మూడు పేజీలు. పంపిన రోజే దాన్ని దవాఖానల్లో ఎక్కించేశాను కూడా. నాలుగు రోజులకు సారు ఫోను చేశారు.

"ఎక్కించినవా బిడ్డా?"

"లేదు సార్. మీరు సూసినంకనే."

ఆయనతో నేను మాట్లాడిన ఆఖరు మాట అదే.

అంత్యక్రియలైన మూడో రోజు మళ్లీ కోరుట్ల వెళ్లాను. సారు భార్యను మేమందరం అమ్మా అనే పిలుస్తాం. ఆమె లోపలికి వెళ్లి కాగితాల కట్ట తెచ్చి నా చేతిలో పెట్టింది. దాన్ని ఆయనే నూలు పోగుతో కట్టి పెట్టారట.

"కండ్లు కనవడకున్నా ఇనకపాయె. జరసేపు పండుకోమంటే, 'ఆ పిల్ల నా కోసం ఆపి పెట్టింది, దవాఖానలోళ్లు ఎదురుసూస్తున్నరు, జల్ది సదివియ్యాలె' అనుకుంట కూసుండె" అంది ఆమె.

నేను నిజం చెప్పలేదు. తల ఊపాను. సారు ఏ తల ఊపడాన్ని సిగ్గు అనేవారో, అచ్చం అలాగే.

తిరుగు బస్సులో కట్ట విప్పాను. ఒక్కో వరుస చివర ఒక్కో చుక్క. మొదటి పేజీల్లో చుక్కలు తిన్నగా ఉన్నాయి, పోనుపోను వంకర్లు పోయాయి. కొన్ని వరుస మీద పడకుండా పక్కకు పడ్డాయి. పంతొమ్మిదో పేజీ మధ్య దాకా వచ్చాయి. అక్కడ ఒక వరుస చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి ఉంది. ఆ తరువాత ఏమీ లేదు. సారు ఎప్పుడూ ముందు సున్నా చుట్టి, ఆలోచించుకుని, ఆ తరువాత పక్కన తన ప్రశ్న రాసేవారు. ఈ సున్నా పక్కన తెల్ల కాగితమే ఉంది.

ఆయన ఏం చూశారు? తప్పు చూశారా, లేక చూపు సరిగా ఆనకపోవడంతో మళ్లీ చదువుదామని గుర్తు పెట్టుకున్నారా? ఆ వరుసను నేను ఎన్నిసార్లు చదివానో చెప్పలేను. ఏఐని అడిగాను. అందులో దోషమేమీ లేదని ఎంతో వివరంగా, ఎంతో మర్యాదగా చెప్పింది. చాయ్ హోటలామె నంబరు విషయంలో కూడా అది అంతే మర్యాదగా రాసింది. దవాఖాన వాళ్లకు ఫోను చేసి, మేం మళ్లీ సరిచూస్తున్నాం, మీరూ ఒక కన్నేసి ఉంచండని చెప్పాను. "మంచిగనే నడుస్తంది గదమ్మా, ఎందుకు బుగులు పడ్తున్నవు?" అని ఒకాయన నవ్వాడు. ఆపేద్దామంటే ఆ మెసేజ్ చూసుకునే గోలి వేసుకునేవాళ్లున్నారు. ఆపకుండా ఉందామంటే ఈ సున్నా ఉంది.

చివరికి కథలాపూర్ అమ్మాయికి ఫోను చేశాను. ఏ ముఖం పెట్టుకుని అడిగానో నాకే తెలియదు. మర్నాడే వచ్చింది. నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, పెన్సిల్ చెక్కుకుని, సారు చుక్కలున్న పేజీలు కూడా వదలకుండా మొదటి నుంచీ పైకి చదవడం మొదలుపెట్టింది. మొదటి రోజు ఏడు పేజీలైతే, రెండో రోజు తొమ్మిది అయ్యాయి. మూడో రోజు పొద్దున పంతొమ్మిదో పేజీకి వచ్చి ఆగింది.

"అక్కా, గిక్కడ సారు సున్నా ఎందుకు చుట్టిన్రు?"

"నాకు సమజ్ గాలేదు" అన్నాను. ఆ మాట అనక చాలా ఏళ్లయింది.

ఆమె చుక్క పెట్టలేదు. పెన్సిల్ ఎత్తి పట్టుకుని ఆ వరుసను మళ్లీ మొదటి నుంచి, ఇంకా నెమ్మదిగా చదవసాగింది. గోడ గడియారం పది చూపించింది. అది మా మెసేజ్‌లు వెళ్లే వేళ. సిరిసిల్లలో ఆ చాయ్ హోటలామె ఫోను ఈపాటికి మోగి ఉంటుంది. కొంగుకు చేతులు తుడుచుకుని, సాంచెల చప్పుడులోకి వెళ్లి, మేం పంపిన మాటను ఒక్కొక్కరి చెవిలో చెబుతూ ఉంటుంది.