రోమన్ చేప ఇంటికి దారి

గసాంత్ మూడోసారి పడవను వెనక్కి తిప్పాడు. సముద్రం నిశ్చలంగానే ఉంది. నిలకడ లేనిది అతనికే.

నీటి అడుగున చేపలుండే రాతిగుట్టను ముప్పై ఏళ్లుగా అతను రెండు గుర్తులతో పట్టేవాడు. పడవలోంచి చూస్తే దీపస్తంభం దూరపు కొండకొమ్ముకు ఆనాలి. ఊళ్లో తన ఇంటి పొగగొట్టం, వెనక కొండ నొక్కు కిందికి రావాలి. అక్కడ గాలం వదిలితే చల్లని చీకటి నీళ్లలోంచి రోమన్ చేప నిప్పుకణికలా పైకొచ్చేది, నడుం మీద తెల్లపట్టీతో. రోమన్ తన బొరియ విడిచిపోదు. మగది గాలానికి చిక్కితే, ఆడవాటిలో పెద్దది మగదై అక్కడే ఉండిపోతుంది.

పందొమ్మిది వందల అరవై ఎనిమిదిలో, వాళ్ల ఊరు సైమన్స్‌టౌన్ ఇక తెల్లవాళ్లదేనని దక్షిణాఫ్రికా ప్రభుత్వం చెప్పి, గసాంత్‌నీ భార్య గావానీ కొండ అవతలి ఫ్లాట్లకు పంపేశారు. పోయిన వారం పొగగొట్టంతో సహా ఇల్లు కూల్చారు.

"ఎక్కడో ఒకచోట వెయ్యి మామా, చేపలకేమన్నా చిరునామా ఉంటదా?" అన్నాడు తెడ్లు వేస్తున్న కుర్రాడు దావూద్.

"వాటికే ఉంది."

గాలానికి కట్టిన సీసం గుండు రాయికి తగలకుండా మళ్లీ ఇసుకలో దిగబడింది.

ఆ సాయంత్రం ఫ్లాట్లో అన్నం ముందు కూర్చుని, ముద్ద ముట్టకుండా గావాతో అన్నాడు: "రేపు మన వంటింట్లో మంట వెయ్యవే."

"ఏ వంటింట్లో?"

"పాతదాన్లో. పొయ్యిబండ ఇంకా ఉందిగా. ఆ పొగను బట్టి ఒక్కసారి గుట్ట మీదికి చేరితే కొత్త గుర్తు చూసుకుంటా."

"మతి పోయిందా నీకు? పోలీసులొస్తే?"

"టీ కాస్తున్నానని చెప్పు."

"పాలు నువ్వు పంపుతావా, పడవలోంచి?"

తిట్టుకుంటూనే తెల్లారి పుల్లలు మూటకట్టి బస్సెక్కింది.

గాలి లేదు. శిథిలాల మీంచి సన్నని పొగ నిట్టనిలువుగా లేచింది. గసాంత్ పడవను దాని వరుసలోకి తెచ్చాడు. ఈసారి గుండు రాయికి తగిలింది. దావూద్ చేతిలో తాడు గుంజుకుంది.

"రోమనే మామా! ఇటు చూడు, ఎంతుందో!"

గసాంత్ చూడలేదు. అతని కళ్లు కొండను వెతుకుతున్నాయి. పొగ ఒక్కసారి చెదిరింది, పలచబడింది. ఎవరో మంటను తొక్కేస్తున్నారు. నొక్కుకు సూటిగా కింద, ఇన్నాళ్లూ పొగగొట్టం చాటున ఉన్న బండ ఒకటి బయటపడింది, దాని మీద తెల్లని చార. దాన్ని ఎవరూ కూల్చలేరు.

"నొక్కు కింద చారబండ. అను."

"చేప మామా..."

"అనరా ముందు!"

"నొక్కు కింద చారబండ."

పొగ పూర్తిగా ఆగిపోయింది. గసాంత్ రెండో గాలం వెయ్యలేదు. దావూద్ పక్కన పడున్న తెడ్లు లాక్కుని ఒడ్డుకేసి బలంగా వెయ్యసాగాడు. గావా అక్కడ ఒక్కతే ఉంది.