కూరకి గుప్పెడు చేపలు

"...గోడకి అటుపక్క కూకునీది మేమే కదా, ఏసీ మా సెక్షన్‌కే రావాల."

"అటుపక్క కూకుంటే వాటా వచ్చీస్తాదేటి? కుర్చీ మీరట్టుకుపొండి. ఏసీ మాది."

"ఎవులికి కావాలి ఆ కుర్చీ? ఓ సెయ్యి ఊగుతాది."

లక్ష్మణమ్మ ఆ కుర్చీలోనే కూర్చుని ఉంది. తలుపు ఓరగా ఉండడంతో ఆమె గది సామాను కోసం అటెండరు గంగులుకీ స్టోర్సు గుమస్తాకీ మధ్య వాదులాట అంతా వినబడుతోంది. కుర్చీ ఎడమ చెయ్యి ఊగడం నిజమే. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. తను లేనప్పుడు గంగులు కూర్చుని చూసే ఉంటాడు.

తీరం వెంబడి ఐస్ ప్లాంట్లు నడిపే ప్రభుత్వ సంస్థలో ఆమె శ్రీకాకుళం ప్రాంతానికి జనరల్ మేనేజరు. సంస్థను చక్కదిద్దే పేరుతో పైస్థాయి పోస్టులు తగ్గించారు. ప్రాంతాలకి ఇక జనరల్ మేనేజర్లు ఉండరు. సర్వీసు ఇంకా మూడేళ్లున్న లక్ష్మణమ్మకి రెండు దారులు చూపించారు. ఇప్పుడే రిటైరవడం ఒకటి. రెండు మెట్లు దిగి, ఆమె పుట్టిన ఊరి రేవులోనే ప్లాంటు మేనేజరుగా చేరడం రెండోది. ఏదన్నదీ ఈ సాయంత్రంలోగా చెప్పాలి. కారు నిన్ననే వెనక్కి తీసుకున్నారు.

సూపరింటెండెంటు త్రినాథ్ లోపలికి వచ్చి నిలబడే మాట్లాడాడు.

"రిటైరైపోండి మేడమ్. నిన్నటిదాకా మీరు మెమోలిచ్చినవాళ్ల మధ్య ఏం కూర్చుంటారు? హాయిగా ఇంటిపట్టున ఉండండి."

ఇల్లంటే రెండు గదుల అద్దె వాటా. గ్యాస్ బండ ఒకటి వేస్తే ఐదు నెలలు వస్తుంది. ఆ రేవులో కాలేజీ గడప తొక్కిన మొదటి ఆడపిల్ల ఆమే. తగినవాడు కులంలో దొరకలేదని తండ్రి కొన్నాళ్లు, దొరికినవాడు నచ్చలేదని ఆమె కొన్నాళ్లు ఆగారు. ఆ తర్వాత ఎవరూ పెళ్లి మాటెత్తలేదు. తల్లీ తండ్రీ పోయాక ఊళ్లో ఇల్లు కూడా లేదు.

"సాయంత్రం ఫోన్ చేస్తాను" అని లేచి, బస్సెక్కింది.

రేవులో దిగేసరికి చివరి పడవలు ఒడ్డెక్కుతున్నాయి. ఆ ఊళ్లో వేలానికి ముందే గంపలోంచి గుప్పెడు చేపలు తీసి, కూరకని ఊరివాళ్లకి పెడతారు. వాటికి డబ్బు అడగరు. ఉద్యోగంలో చేరిన కొత్తలో లక్ష్మణమ్మ ఓసారి డబ్బివ్వబోతే చేపలమ్మే దాలమ్మ కోప్పడింది. "ఒసే గుంటా, ఊరి ఆడపిల్లవి, నీ కాడ డబ్బులేటే?" అంది. ఇద్దరూ ఒక ఈడువాళ్లు. ఒకే బళ్లో ఐదో తరగతి దాకా చదివారు.

లక్ష్మణమ్మ ఉద్యోగంలో పైకెళుతున్నకొద్దీ ఆ గుప్పెడు చిన్నచేపలు, నెత్తళ్లు పోయి కారు డిక్కీలోకి ఖరీదైన వంజరం చేప రావడం మొదలైంది. అదెవరు పెట్టారో అడిగితే ఎవరూ చెప్పేవారు కాదు. ఆమె దాన్ని డ్రైవరుకి ఇచ్చేసేది. "ఒసే" పోయి "మేడమ్ గారు" వచ్చింది.

దాలమ్మ ఇసుకలో గోనెపట్టా మీద నెత్తళ్లు కుప్పలు పోస్తోంది. లక్ష్మణమ్మని చూసి లేచి నిలబడింది. తర్వాత ఆమె వెనక్కి, రోడ్డు వైపు చూసింది.

"బండేదమ్మా?"

"లేదు. నా పోస్టు తీసేశారు."

"ఓలమ్మ! మీలాటోలికి కూడా తీసేస్తారేటి?"

"పైవాళ్లవే తీశారు."

కాస్త దూరంలో బుట్టలు సర్దుకుంటున్న ఆడవాళ్లు చేతులు ఆపి ఇటే చూస్తున్నారు. లక్ష్మణమ్మ సంచిలోంచి స్టీలు డబ్బా తీసి మూత విప్పింది.

"కూరకి కాసిన్ని పెట్టు దాలమ్మా."

దాలమ్మ ఒక కుప్పని చేత్తో దగ్గరికి లాగి, ఆగింది.

"నూటయాభై ఇయ్యండమ్మా. రెండొందల కుప్ప. మీరని తగ్గించినాను."

డబ్బా పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది. దాలమ్మ మొహంలో వెటకారం లేదు. నిజంగానే తగ్గించినట్టుంది.

"నూరిస్తాను" అంది లక్ష్మణమ్మ.

"నూరుకి రావమ్మా."

"నిన్నటి సరుకులా ఉంది. కళ్లు చూడు."

"నిన్నటిదా! ఒసే, కళ్లు నీకు పోనాయేటే? ఇప్పుడు దిగిన సరుకునట్టుకుని..."

దాలమ్మ చటుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బుట్టల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు.

"తప్పైపోనాదమ్మా. నోటికొచ్చీసినాది."

లక్ష్మణమ్మ నూటయాభై ఇచ్చింది. దాలమ్మ డబ్బా నింపి, తడిచేతిని చీరకి తుడుచుకుని, డబ్బు కళ్లకద్దుకుని రొంటిన దోపుకుంది. తర్వాత తల వంచుకుని మళ్లీ కుప్పలు పోసుకోసాగింది.

లక్ష్మణమ్మ ఐస్ ప్లాంటు గోడ నీడలోకి నడిచింది. లోపల ఐసు కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది. డబ్బా కింద పెట్టి, "ఒసే" అని తనలో తానే ఓసారి అనుకుని, ఫోన్ తీసింది.

"త్రినాథ్ గారూ, సోమవారం నుంచి రేవు ప్లాంటులో చేరుతున్నానని రాయించండి."