మా ఇంటి మూడో తరగతి

నేను సర్కారు బడిలో టీచర్ని. వడ్డాది అవతల ఒక పల్లెలో బడి, చోడవరంలో కాపురం. బడులు మూతపడే నాటికి నాది పన్నెండేళ్ళ సర్వీసు. ఆ పన్నెండేళ్ళలోనూ తల్లిదండ్రుల సమావేశం పెట్టిన ప్రతిసారీ ఒకే మాట చెప్పేదాన్ని: "రోజుకి ఒక్క గంట పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకోండి. అంతకన్నా మేం ఏమీ అడగం." తెల్లారకుండా చెరుకు నరకడానికి పోయి చీకటి పడ్డాక ఇల్లు చేరే మనుషులు ఆ మాటకి బుద్ధిగా తలూపేవారు. వాళ్ళు వెళ్ళిపోయాక మేం టీ తాగుతూ, "ఒక్క గంట కూడా కుదరదంటే ఇంక వీళ్ళ పిల్లల్ని ఎవరు బాగుచేస్తారు?" అనుకునేవాళ్ళం.

కరోనా వచ్చి బడులకి తాళాలు పడ్డప్పుడు అందరిలాగే నాకూ భయం వేసింది. నిజం చెప్పాలంటే, ఆ భయం అడుగున కాస్త సంబరం కూడా ఉంది. మా అమ్మాయి అప్పుడు ఊళ్ళోనే ఒక ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బడిలో మూడో తరగతి. సర్కారు టీచరు కూతురు ప్రైవేటు బడిలో ఎందుకని అడిగేవాళ్ళకి నా దగ్గర పెద్ద జవాబే ఉంది, అది ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. ఆ బడి వాళ్ళు ఇన్నాళ్ళూ చెయ్యలేనిది నేను నెల రోజుల్లో చేసి చూపిస్తాననుకున్నాను.

పాత క్యాలెండరు కాగితం తిరగేసి, స్కెచ్ పెన్నులతో గళ్ళు గీసి టైంటేబుల్ రాశాను. ఆరింటికి లేవడం, ఆరున్నరకి వ్యాయామం, ఏడింటికి ఎక్కాలు. అలా రాత్రి ఎనిమిది దాకా ఖాళీ లేకుండా నింపి, సాయంత్రం నాలుగు నుంచి నాలుగున్నర దాకా "సంతోషంగా గడపడం" అని ఆకుపచ్చ రంగులో రాశాను. మా ఆయన కరెంటు డిపార్టుమెంటులో లైన్‌మన్. ఊరంతా తలుపులేసుకుని కూర్చున్నా ఆయనకి మాత్రం స్తంభాలెక్కే పని తప్పలేదు. డ్యూటీకి వెళ్తూ ఆ కాగితం ముందు నిలబడి చాలాసేపు చదివి, "ఇందులో మన గుంట అన్నం ఎప్పుడు తింటదో రాయలేదేటి?" అన్నారు.

మూడో రోజుకి ఏడో ఎక్కం దగ్గర మా అమ్మాయి ఏడ్చింది, నేను అరిచాను. నాలుగో రోజు అరుపుతోనే మొదలెట్టాను. ఐదో రోజు టైంటేబుల్ గోడ మీదే ఉంది కానీ దాని వైపు ఇద్దరం చూడటం మానేశాం. ముప్పై నాలుగు మంది పిల్లల్ని ఒక్క గదిలో కూర్చోబెట్టి ఒక్క చూపుతో నోరు మూయించగలిగిన నాకు, ఒక్క పిల్లని వంటింటి గడప దగ్గర కూర్చోబెట్టడం చేతకాలేదు.

ఇంతలో వాళ్ళ బడి వాళ్ళు ఫోన్లో క్లాసులు మొదలెట్టారు. నాకు పెద్ద బరువు దిగినట్టయింది. ఇంట్లో ఒక పాత ఫోను ఉంటే దాన్ని బాగుచేయించి అమ్మాయికిచ్చాం. నెట్టు సిగ్నలు మా ఇంట్లో డాబా మీది మెట్ల గదిలో తప్ప ఎక్కడా సరిగ్గా రాదు. ఒంటరిగా పంపడం ఇష్టం లేక, తోడు కూర్చోమని మా మామగారిని అడిగాను.

మా మామగారు చక్కెర ఫ్యాక్టరీలో కాటా దగ్గర పనిచేసి రిటైరయ్యారు. చెరుకు బళ్ళని వరసలో పెట్టించడం, అడ్డదారిన ముందుకొచ్చిన బండిని వెనక్కి పంపించడం ఆయన ఉద్యోగం. అత్తగారు పోయినప్పట్నుంచి మాట బాగా తగ్గించేశారు. నేను అడగ్గానే సరేనని, తలకి తువ్వాలు చుట్టుకుని, మనవరాలి చెయ్యి పట్టుకుని మెట్లెక్కారు. పదింటి నుంచి పన్నెండున్నర దాకా ఆ పూట బెంగ నాకు తీరిపోయింది.

ఆ సమయంలోనే నా పని మొదలయ్యేది. బడికి వెళ్ళకపోయినా, రోజుకి పన్నెండు ఇళ్ళకి ఫోన్లు చేసి పిల్లలు ఎలా ఉన్నారో కనుక్కుని ఫారం నింపమని మాకు పైనుంచి ఆదేశం. తింటున్నారా, నిద్రపోతున్నారా, దేనికైనా భయపడుతున్నారా, మనసు ఎలా ఉంది. ఒక్కో ప్రశ్న పక్కన మూడు గళ్ళు: బాగుంది, ఫరవాలేదు, బాగాలేదు. నేను ముందుగదిలో కుర్చీ వేసుకుని ఒక్కొక్కరికే చేసేదాన్ని. అందరూ ఒకే జవాబు చెప్పేవారు. "బాగానే ఉన్నాడు మేడమ్." "ఆడికేటి మేడమ్, శుబ్రంగా ఉన్నాడు." నేను మొదటి గడిలో టిక్కు పెట్టి ఇంకో నంబరు నొక్కేదాన్ని. ముప్పై నాలుగు మందీ బాగున్నారని వారానికోసారి పైకి పంపేదాన్ని.

డాబా మీద క్లాసులు కూడా బాగానే నడుస్తున్నాయనుకున్నాను. అమ్మాయికి హాజరు నూటికి నూరు. శనివారం శనివారం ఫోన్లోనే పరీక్ష, సరైన జవాబు మీద వేలు పెట్టి నొక్కడమే. లెక్కల్లో మా అమ్మాయి రెండు వారాలు వరసగా ఫస్టు వచ్చింది. ఏడో ఎక్కం దగ్గర ఏడ్చిన పిల్ల! బడి వాళ్ళు పంపిన అభినందన బొమ్మని నా స్టేటస్‌లో పెట్టుకున్నాను. తోటి టీచర్లు "ఎంతైనా అమ్మ టీచరు కదా" అని రాశారు. దానికి చేతులు జోడించిన బొమ్మ పెట్టి ఊరుకున్నాను, అంతకన్నా వినయం నాకు చేతకాలేదు.

ఒకరోజు పదకొండు దాటాక నా ఫోనే మోగింది.

"నమస్తే మేడమ్. పాప క్లాస్ టీచర్ని. ఇప్పుడు లెక్కల మేడమ్ క్లాసు అవుతంది కదా, ఈలోగా మీతో చిన్న సర్వే మేడమ్, రెండు నిమిషాలే."

గొంతు వింటే పాతికేళ్ళు కూడా ఉండవు. అడగడం మొదలెట్టింది. పాప బాగా తింటుందా? నిద్రపోతుందా? నేను నవ్వుకున్నాను. వాళ్ళ యాజమాన్యం కూడా అదే ఫారం సంపాదించినట్టుంది.

"దేనికైనా భయపడుతుందా మేడమ్?"

"అదేం లేదు."

"ఇంట్లో ఎవరితో ఎక్కువగా మాట్లాడుతుంది?"

ఆ వారంలో మా అమ్మాయి నాతో ఏం మాట్లాడిందో గుర్తు తెచ్చుకోబోయాను. "ఊఁ", "తిన్నాను" తప్ప ఏమీ తట్టలేదు.

"బాగానే ఉంది మేడమ్" అన్నాను.

రోజూ పన్నెండుసార్లు నేను వినే మాటే అది, ఈసారి నా నోటి నుంచి వచ్చింది. అడిగిన దానికీ చెప్పిన దానికీ సంబంధం కూడా లేదు. ఆ టీచరమ్మాయి మాత్రం నాలాగే టిక్కు పెట్టేసుకుని ఉంటుంది.

"చివరికి ఒక్క మాట మేడమ్. పాపకి గొంతు బాలేదా? రెండు వారాల్నుంచి హాజరు పలుకుతుంటే బాగా బొంగురుగా వస్తంది. ఈ రోజుల్లో అశ్రద్ధ చెయ్యకండి."

ఆ రోజుల్లో గొంతు బొంగురంటే ఏమిటో అందరికీ తెలుసు. పొద్దున్న ఇడ్లీ తిన్నప్పుడు దగ్గిందా? ఒళ్ళు వెచ్చగా ఉందా? నేను ముట్టుకుని చూసి ఎన్నాళ్ళయింది? ఫోను కుర్చీలో పడేసి మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను.

మెట్ల గదిలో మా మామగారు ఒక్కరే ఉన్నారు. బాసింపట్టు వేసుకుని, కళ్ళజోడు ముక్కు చివరికి దించుకుని, ఇటుకకి ఆనించిన ఫోను ఎదురుగా కూర్చున్నారు. ఒళ్ళో మా అమ్మాయి లెక్కల నోటుబుక్కు, చెవి మీద పెన్సిలు. ఫోన్లోంచి ఒక ఆడమనిషి భాగహారం చెప్తోంది. నేను నోరు తెరవబోతే ఆయన వేలెత్తి ఆపారు.

"ఉండమ్మా. ఆయమ్మ శేషం సెప్తంది."

"మావయ్యా, గుంటేదీ?"

"కింద పెరట్లో ఉంది."

"దానికి గొంతు బాలేదటండీ. టీచరమ్మ ఫోను చేసింది."

ఆయన తల దించుకున్నారు. ఫోను మీద వేలు నొక్కి, అవతలి వాళ్ళకి వినపడకుండా చేశారు. అది ఆయనకి తెలుసునని నాకు అప్పుడే తెలిసింది.

"దాని గొంతుకేటి, బాగానే ఉంది. బాలేనిది నా గొంతు. సన్నంగా పలుకుదామని సూసేను, రాలేదు."

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. సిగ్నలు చాలదని ఆ క్లాసులో ఎవరూ కెమెరా పెట్టరు; రెండు వారాల హాజరు ఆయనది. లెక్కల్లో ఫస్టు కూడా ఆయనదే. టన్నులూ క్వింటాళ్ళూ ముప్పై ఏళ్ళు నోటిలెక్కనే కూడుతూ వచ్చిన మనిషికి మూడో తరగతి లెక్క ఒక లెక్కా? ఇంగ్లీషు పరీక్ష రోజు మాత్రం ఫోను పట్టుకుని పెరట్లోకి దిగి, మనవరాలిని అడిగి, మళ్ళీ పైకెక్కి నొక్కేవారట.

"ఇదేం పని మావయ్యా! బడి వాళ్ళకి తెలిస్తే ఎంత పరువు తక్కువ!"

"ఆ మాటే" అన్నారు. "ఆ మాటకే అది క్లాసు ఒల్లనేసింది."

"ఏ మాట?"

"మొదటి వారంలో దాన్ని పాఠం సదవమన్నారు. ఒక కాడ నోరు తిరగలేదు. ఫోన్లో పిల్లలు నవ్వేరు. నువ్వు బట్టలారెయ్యడానికి వచ్చేవు. 'టీచరు కూతురివి, నా పరువు తీసేసేవు' అనేసి ఎల్లిపోయేవు. మర్నాటి నుంచి పది కొట్టేసరికి దానికి కడుపునొప్పి. ఇక్కడ కూకుని వణికిపోయేది. ఆళ్ళకి కావలసింది హాజరే కదా, ఆ హాజరేదో నేనిస్తాను, నువ్వు పోయి ఆడుకోవే అన్నాను. తప్పేనమ్మా. కానీ ఏటి సెయ్యమంటావు?"

ఎంత ఆలోచించినా నాకు ఆ రోజు గుర్తు రాలేదు. బట్టలు రోజూ ఆరేస్తాను. అలాంటి మాటలు బడిలోనూ రోజూ అంటాను. ఇది ఏ రోజు మాటో నేనెలా చెప్పగలను?

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు ఫోన్లో ఉంటావు కదమ్మా" అన్నారు. అందులో ఎత్తిపొడుపేమీ లేదు.

కిందకి దిగి పెరటి తలుపు దగ్గర ఆగాను. మా అమ్మాయి బొప్పాయి చెట్టు కింద కూర్చుని, చెవి దగ్గర సబ్బుపెట్టె పెట్టుకుని మాట్లాడుతోంది. "నమస్కారం అండి. బడి నుంచండి. మీ పాప బాగా తింటందా? ఆహా. నిద్రపోతందా? ఓకే అండి." నా గొంతే, నా తొందరే. పుల్లతో మట్టిలో టిక్కులు పెడుతోంది. నేను నవ్వబోయాను. అంతలో అది మాట మార్చింది.

"ఉండండి, ఫోను పెట్టీకండి. ఫోను మీ పాపకివ్వండి. నేను మీతో కాదు, మీ పాపతో మాటాడాల."

తర్వాత సబ్బుపెట్టె చెవికి ఆనించుకుని చాలాసేపు ఊఁ కొడుతూ వింది.

నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. అది ఉలిక్కిపడి సబ్బుపెట్టె దాచేసింది. పిల్లల మనస్తత్వం మీద నేను రెండు ట్రైనింగులు తీసుకున్నాను, సర్టిఫికెట్లు బీరువాలో ఉన్నాయి. వాటిలో ఒక్క ముక్క గుర్తుకు రాలేదు.

"ఆ రోజు నేనన్నది తప్పు" అన్నాను.

"ఏ రోజు?" అంది, తెలియనట్టు. మట్టిలోని టిక్కులు చెరిపేస్తూ, "నీకు కోపం వస్తే తాతని ఏం అనకు. నేనే కూకోమన్నాను" అంది.

ఆ తర్వాత ఏడ్చింది. నేను కూడా ఏడ్చాను. ఆ పూట వంట ఆలస్యమైంది.

మర్నాటి నుంచి బలవంతం పెట్టలేదు. క్లాస్ టీచరుకి ఫోను చేసి జరిగింది చెప్పేశాను. ఆ అమ్మాయి మొదట నవ్వి, తర్వాత గొంతు తగ్గించి, "ఇంకా ఎంతమంది తాతలున్నారో మేడమ్ నా క్లాసులో" అంది. మా మామగారు క్లాసు మానలేదు. భాగహారం సగంలో ఉందనీ, మధ్యలో వదిలేస్తే మర్చిపోతాననీ అన్నారు. ఆయన మూడో తరగతి సగంలోనే బడి మాని పశువుల వెనక పడ్డారని మా ఆయన చెప్పేదాకా నాకు తెలీదు. ఇంగ్లీషు గంటలో ఆయనకి కష్టంగా ఉందని మా అమ్మాయి మెల్లగా పైకెక్కడం మొదలెట్టింది. మొదట గుమ్మంలో నిలబడింది. తర్వాత పక్కన చాప మీద చేరింది. నెల తిరిగేసరికి హాజరు తనే పలికింది. మార్కులు మాత్రం బాగా తగ్గాయి.

ఇక నా పన్నెండు ఫోన్లు. ఒకరోజు ఒక తండ్రి ఎప్పటిలాగే "బాగానే ఉన్నాడు మేడమ్" అంటే, "ఒకసారి వాడికివ్వండి" అన్నాను.

"ఆడితో ఏటి మాటాడతారు మేడమ్? ఆడికేటి తెలుసు?"

ఇప్పించుకున్నాను. వాడు ముందు "గుడ్ మార్నింగ్ మేడమ్" అన్నాడు. తర్వాత వాళ్ళ ఆవు ఈనిందన్నాడు. దూడకి ముందు కాళ్ళు ఎలా వచ్చాయో, నాయన ఎలా లాగాడో, అది లేచి ఎన్నిసార్లు పడిపోయిందో చెప్పాడు. చివర్లో, బడి ఇంక తెరవరా, తను పనిలోకి పోవాలా అని అడిగాడు. ఫారంలో ఏ గడిలో పెట్టాలో తెలీక అది ఖాళీగా వదిలేశాను. ఆ రోజు నేను నలుగురితోనే మాట్లాడగలిగాను. పన్నెండు ఎందుకు కాలేదని పైనుంచి అడిగితే సిగ్నలు లేదని రాశాను.

బడులు తెరిచిన రోజు మా అమ్మాయి కొంచెం భయపడుతూనే యూనిఫాం వేసుకుని వెళ్ళింది. సాయంత్రం గెంతుకుంటూ వచ్చింది. ఫోను క్లాసులు ఆగిపోయాయి. ఊరంతా సంతోషించింది, మా మామగారు తప్ప. పదింటికి అలవాటుగా మెట్లెక్కి, కాసేపు కూర్చుని దిగివచ్చేవారు.

"గుంట బడికి ఎల్లిపోతంది. నాకు మిగతాది ఎవులు సెప్తారు?" అన్నారు ఒకరోజు, నవ్వులాటగా.

మా అమ్మాయి సాయంత్రాలు నాలుగు రోజులు చెప్పింది. ఐదో రోజు వీధిలోకి ఆటకి పోయింది. ఆయన ఇంగ్లీషు వాచకం పట్టుకుని నా దగ్గరకి వచ్చారు. చదువుతున్న మాట మీద వేలు పెట్టి, కూడబలుక్కుని తప్పు చదివారు. సరిచేశాను. మళ్ళీ అదే తప్పు చదివారు. మూడోసారీ అంతే. నా గొంతు లేవబోయింది. ఆయన పుస్తకం మీంచి తలెత్తి, కళ్ళజోడు పైనుంచి నన్ను చూశారు.

నేను లేచి వంటింట్లోకి వెళ్ళి, గ్లాసుడు మంచినీళ్ళు తాగి వచ్చి కూర్చున్నాను.

"మళ్ళీ చదవండి మావయ్యా" అన్నాను.