ర్యూగెన్ రెల్లులో పడవ నిలిచిపోయిన రోజు

బ్లూ కార్డు అనే ఉద్యోగ వీసాల మీద ఇంజనీర్లు, మాస్టర్స్ చదవడానికి విద్యార్థులు మన రెండు తెలుగు రాష్ట్రాల నుంచి జర్మనీకి వరసగా దిగుతున్న సంవత్సరాలవి. నేను అప్పటికి చాలాకాలంగా బాల్టిక్ తీరాన, ర్యూగెన్ దీవిలో చేపల వేట గైడుగా పనిచేస్తున్నాను. ఈ సంగతి ఒక అక్టోబరు శనివారం జరిగింది.

విశాఖలో ఫిషరీస్ చదివి, శిక్షణ కోసం తూర్పు జర్మనీకి వచ్చి, ఇక్కడే ఉండిపోయినవాణ్ణి. దీవికీ ప్రధాన భూభాగానికీ మధ్య పరుచుకున్న లోతులేని ఉప్పునీటి మడుగులను ఇక్కడివాళ్ళు బొడ్డెన్ అంటారు. అంచుల నిండా రెల్లు, అడుగున మెత్తటి బురద. మన కొరమేనులా రెల్లు నీడలో కాపు కాసే పైక్ అనే వేటచేప కోసం జనం దూరాల నుంచి వస్తారు. పడవ నడపడం, చేప ఉన్న చోటు పట్టుకోవడం, ఎక్కినవాళ్ళను క్షేమంగా ఒడ్డు చేర్చడం గైడు పని. గాలం వేయడం వాళ్ళ వంతు. ఈ దేశంలో గాలం వేయాలంటే పరీక్ష రాసి లైసెన్సు తీసుకోవాలి. ర్యూగెన్ ఉన్న జర్మన్ రాష్ట్రంలో మాత్రం పర్యాటకులకు కొద్ది వారాల పర్మిట్ ఇస్తారు. పడవ ఎక్కించేముందు ఆ కాగితాలు చూడడం, లైఫ్ జాకెట్ల పట్టీలు నా చేత్తో బిగించడం నా అలవాటు.

ఆ రోజు డ్రెస్డెన్ నుంచి ముగ్గురు వచ్చారు. కంప్యూటర్ చిప్‌ల కంపెనీలో పనిచేసే రఘు వరంగల్ వాడు. అతని భార్య దివ్య. మూడో మనిషి రఘు టీములోనే ఉన్న సత్యవతి, కాకినాడ వైపు అమ్మాయి. గాలం ఇవ్వబోతే ఆమె, "వద్దండి, చూస్తూ కూర్చుంటాను" అంది. నీళ్ళంటే భయమేమో అనుకున్నాను.

పది గంటలకు ఒక రెల్లు మడుగులోకి తీసుకువెళ్ళి లంగరు వేశాను. అరగంటలో రఘు గాలానికి రెండు మంచి చేపలు పడ్డాయి. మూడోది చట్టం చెప్పిన కొలతకు తక్కువైతే నీళ్ళలో వదిలేశాం. భార్యాభర్తల సంబరం చూసి నాకూ ఉత్సాహం వచ్చింది. అప్పుడు సత్యవతి నాతో మెల్లిగా అంది.

"నీళ్ళు తీస్తున్నట్టున్నాయండి. రెల్లు మొదళ్ళ మీద, నీటికి పైన తడి గీత చూడండి."

"ఇది బాల్టిక్ అమ్మా. ఇక్కడ పోటూ పాటూ ఉండవు" అన్నాను.

నా మాట నిజమే గానీ సగం నిజం. అక్కడ ఆటుపోట్లు లెక్కలోకి రావు. కానీ నైరుతి గాలి బలంగా వీస్తే మడుగుల్లో నీళ్ళు సముద్రంలోకి లాగేసుకుపోతాయి. ఆ గాలి సాయంత్రానికి వస్తుందని వాతావరణ సూచనలో చదివే బయలుదేరాను. అది ముందే మొదలైంది. చేపలు పడుతున్న ఉత్సాహంలో నేను లోతు చూపే యంత్రం వైపు తల తిప్పలేదు. తిప్పేసరికి పడవ అడుగు బురదకు ఆనుకుంది. ఇంజను పైకెత్తి గెడతో నెట్టినా కదల్లేదు.

"గింతే లోతున్నది గద అంకుల్. నేను దిగి నూకుతా" అన్నాడు రఘు.

నేను వద్దనలేదు. ఆ ముక్క ఇక్కడ దాచడం లేదు. అతను దిగి రెండడుగులు వేశాడు. మూడో అడుగుకు తొడల దాకా దిగిపోయాడు. కాలు పీక్కోబోతే నడుము దాకా పోయాడు. నీళ్ళు ఎముకలు కొరికేంత చల్లగా ఉన్నాయి. దివ్య అతని పేరు పెట్టి అరిచింది. నేను తాడు విసిరి, రేడియోలో సహాయక పడవను పిలిచాను. రావడానికి నలభై నిమిషాలు పడుతుందన్నారు. రఘు పెదవులు అప్పటికే నీలంగా మారుతున్నాయి. తాడు గట్టిగా లాగబోయాను.

"లాగకండి!" సత్యవతి నా చెయ్యి పట్టుకుంది. "నడుం విరుగుతాది. మీ పడవలో కాళ్ళ కింది చెక్క ఊడొస్తుందా?"

ఊడదీసి ఇచ్చాను. ఆమె బూట్లు విప్పి, చెక్కను బురద మీద పరిచి, దానిమీద బోర్లా పడుకుని పాకుతూ అతని దగ్గరికి వెళ్ళింది.

"రఘు గారూ, కాళ్ళు పీకకండి. వెనక్కి వాలండి. మంచం మీద పడుకున్నట్టు. భయపడకండి, జాకెట్టు మిమ్మల్ని తేలుస్తాది."

"సత్యా, నాతోని ఐతలేదు."

"అవుద్ది. ఇప్పుడు ఒక్క కాలే, మెల్లిగా ఇటూ అటూ ఆడించండి. నీళ్ళు లోపలికి దిగితే బురద వదులవుద్ది. అంతే. తొందరేం లేదు."

అతని మోకాలి పక్కన బురదలోకి తన చెయ్యి దింపి నీళ్ళకు దారి చేసింది. ఒక కాలు వచ్చింది, బూటు రాలేదు. రెండో కాలుకు ఇంకొంచెం సేపు పట్టింది. అతన్ని చెక్క మీదికి వెల్లకిలా చేర్చాక, ఇప్పుడు లాగమని నాకు చెప్పింది. చెక్కతో సహా లాగాను. దాని అంచు పట్టుకుని ఆమె కూడా పడవలోకి చేరింది. సహాయక పడవ వచ్చేసరికి రఘు పొడిబట్టల్లో, రెండు దుప్పట్ల మధ్య వణుకుతూ కూర్చుని ఉన్నాడు. పడవను వాళ్ళు లోతు నీళ్ళలోకి లాగారు.

తిరుగుదారిలో దివ్య సత్యవతి చేతుల బురద తుడుస్తూ ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావని అడిగింది. సత్యవతి తన చేతుల వైపు చూసుకుంటూ చెప్పింది.

"మా నాన్న కోరింగ మడ అడవుల్లో పీతలు పడతాడు. ఇంటర్ దాకా సెలవుల్లో నేనూ వెళ్ళేదాన్ని. బురదలో దిగడం, బయటికి రావడం ఆయనే నేర్పాడు."

"మూడేండ్ల సంది ఒక్క టీంల ఉన్నం. ఎన్నడు చెప్పలే" అన్నాడు రఘు.

"మా నాన్నది ఆక్వా బిజినెస్ అని చెప్పాను కదండీ." ఆమె తల దించుకుంది. "పీతలు పడతాడంటే ఎలా చూస్తారో అని."

రఘు దుప్పటిలోంచి చేతులు బయటికి తీసి ఆమెకు దండం పెట్టాడు. ఆమె నవ్వి, ఏడ్చింది.

సోమవారం జల పోలీసులకు రాతపూర్వకంగా నివేదిక ఇచ్చాను. నీటిమట్టం గమనించకపోవడం, ప్రయాణికుడు దిగుతుంటే ఆపకపోవడం నా తప్పులని రాశాను. ప్రయాణికురాలు ముందుగా హెచ్చరించిందనీ, నేను పట్టించుకోలేదనీ కూడా రాశాను. ఆ చివరి వాక్యం రాయక్కరలేదని తోటి గైడు ఒకరు సలహా ఇచ్చారు. తీసేయలేదు. నాకు హెచ్చరిక ఉత్తరం వచ్చింది. దాన్ని ఒప్పుకుని సంతకం చేశాను.

రిటైరయ్యేదాకా ఆ తర్వాత రెండు పద్ధతులు పాటించాను. నీళ్ళు ఎంత తక్కువగా కనిపించినా ఎవరినీ పడవ దిగనివ్వలేదు. బయలుదేరేముందు పర్మిట్లు చూశాక, నీళ్ళ మీద పనిచేసినవాళ్ళు, అలాంటి ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళు మీలో ఉన్నారా అని ప్రతి బృందాన్నీ అడిగాను. చాలామంది లేదనేవాళ్ళు. ఉన్నానని ఎవరైనా చెప్తే, వాళ్ళను నా పక్కన కూర్చోబెట్టుకుని, ఏమైనా తేడాగా కనిపిస్తే వెంటనే చెప్పమనేవాణ్ణి. చెప్పినప్పుడు ముందు ఇంజను ఆపి, తర్వాత ఆలోచించేవాణ్ణి.