ఓబులేసు కూత

1994 ఫిబ్రవరి 4, శుక్రవారం ఉదయం. అరబ్బు దేశంలోని ఉమ్ సలాల్‌లో మా కంపెనీ యజమాని తోట. అక్కడున్నది నలుగురం: యజమాని, ఆయన అతిథి, తోటపని చేసే కడప జిల్లా ఓబులేసు, నేను.

తోటలో వదిలేసిన టర్కీ కోళ్లు అడవి పక్షుల్లాగే తిరిగేవి. ఓబులేసు అచ్చం వాటిలాగే కూసి, దగ్గరికి పిలిచి గింజలు వేసేవాడు. ఆ రోజు అతిథి రైఫిల్‌తో ఒకదాన్ని కొడతానన్నాడు. ఎంతసేపు చూసినా ఒక్కటీ బయటికి రాలేదు. "ఓబులేసు కూస్తే వస్తాయి" అని యజమానికి చెప్పింది నేనే.

"మేపిన చేత్తోనే సంపిచ్చమంటారా సార్?" అన్నాడు ఓబులేసు నాతో. యజమాని "యల్లా" అని కదలమనగానే తల వంచుకుని వెళ్లి, ఎత్తుగా పెరిగిన పశువుల గడ్డిలో కూర్చుని కూశాడు.

అతిథి దూరంగా జీపు అవతల ఉన్నాడు. కూసేది మనిషని ఆయనకెవరూ చెప్పలేదు. గడ్డి కదలగానే రైఫిల్ అటు తిరిగింది. అరవబోయాను.

పేలింది. గుండు ఓబులేసు తల మీదుగా పోయి, వెనకున్న నీళ్ల ట్యాంకులో దిగింది. చిమ్మిన నీళ్లలో తడుస్తూ, "సార్, నేను! మనిషిని!" అంటూ అతను చేతులెత్తి లేచాడు.

రోజూ పేజీ నింపే నేను, ఆనాటి డైరీలో "తప్పు నాది" అని మాత్రమే రాయగలిగాను.

మర్నాడు ఉదయం వెళ్లేసరికి ఓబులేసు రేకుడబ్బా కొడుతూ గింజలు చల్లుతున్నాడు. కోళ్లు దూరంగానే నిలబడ్డాయి.

"కూయవేం ఓబులేసూ?" అన్నాను.

"నోరు తెరిస్తే తుపాకి కనపడతాంది సార్" అన్నాడు.