హఫీజ్‌పేట్ ఫ్లైఓవర్ మీద ఐలయ్య

ఐలయ్యకు బస్సంటే ఇష్టం, రైలంటే ఇంకా ఇష్టం, నడకంటే ప్రాణం. మోటారు సైకిల్ అంటే మాత్రం కాళ్లు చల్లబడతాయి. వయసులో ఉండగా తమ్ముడు రాములు బండి నడుపుతుంటే వెనక కూర్చుని సంతకు బయలుదేరాడు. మలుపులో బండి జారింది. ఐలయ్యకు మోచేయి గీరుకుపోయింది. రాములు మళ్లీ లేవలేదు. ఆ తర్వాత ఐలయ్య పెళ్లికి బావమరిది బండి తెస్తే, ఎక్కనని మొండికేసి బాసింగంతో పొలాల వెంట నడిచి వెళ్లాడు. "నా పెండ్లికొడుకు నడుసుకుంట వచ్చిండు" అని భార్య చంద్రమ్మ ఇప్పటికీ వచ్చిపోయేవాళ్లందరికీ చెప్పి నవ్వుతుంది.

హైటెక్ సిటీలో ఒక అద్దాల మేడ గేటు దగ్గర అతను గార్డు. లోపలికి పోయే ప్రతి కారుకూ సెల్యూట్ కొట్టాలి. కారు అద్దం దిగదు. లోపలి మనిషి ఫోన్‌లోంచి తల ఎత్తడు. అయినా కొట్టాలి, లేకపోతే సూపర్‌వైజర్ కెమెరాలో పట్టుకుంటాడు. బదులు మనిషి వచ్చేదాకా గేటు వదలకూడదన్నది ఇంకో రూలు. వేల మంది పనిచేసే ఆ మేడ ఒక ముసలి గార్డు కాసేపు పక్కకు పోతే కూలిపోతుంది కాబోలు.

ఆ మధ్యాహ్నం చందానగర్ దవాఖానలో చంద్రమ్మకు ఆపరేషన్. పిత్తాశయంలో రాళ్లు. బదులు మనిషి వానలో చిక్కుకుని బాగా ఆలస్యంగా వచ్చాడు. అప్పటికి కూతురు స్వప్న ఫోన్ మీద ఫోన్ చేస్తోంది.

"నాయినా, అమ్మ స్ట్రెచర్ ఎక్కుతలేదు. నీ మొఖం చూసినంకనే లోపలికి పోతదట. డాక్టర్ ఇంకో కేసుకు పోత అంటుండు. ఇయ్యాల తప్పితే మళ్లెప్పుడో!"

"వస్తున్న బిడ్డా. రైలు పట్టుకుని…"

"రైలు ఇంకా రాలేదంట. ఆటో ఎక్కితే కొత్తగూడ ట్రాఫిక్‌లనే పొద్దుగూకుతది. నీకు బైక్ బుక్ చేసిన, వస్తున్నది."

"ఏందీ, బైకా? పిచ్చి లేసిందా నీకు?"

ఫోన్ కట్టయింది. ఇంతలోనే గేటు ముందు ఒక బండి ఆగింది. నడిపే మనిషి హెల్మెట్ తీస్తే స్వప్న వయసు అమ్మాయి. పేరు రజిత.

"ఐలయ్య కాక నువ్వేనా? ఎక్కు."

"నేను బండెక్కను బిడ్డా."

"ఎక్కనోనివి బుక్ ఎందుకు చేసినవ్?"

ఐలయ్య రాములు సంగతి, స్ట్రెచర్ సంగతి ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. రజిత నవ్వలేదు. అందరిలా 'ఏం కాదు' అని కూడా అనలేదు. ఏం కాదనే మాట ఐలయ్య ఇన్నేళ్లుగా వింటూనే ఉన్నాడు. అది విన్నప్పుడల్లా భయం ఇంకాస్త పెరిగేది.

"మొత్తం బండంటేనే భయమా, మలుపులంటేనా?"

"మలుపులంటే."

"అయితే మలుపు ముంగట చెప్త. నేను ఎటు వంగితే నువ్వు అటే వంగు. వశం కాకుంటే నా భుజం మీద తట్టు, ఆపుత. ఒట్టు."

రజిత తన దగ్గరున్న ఇంకో హెల్మెట్ అతని నెత్తిన పెట్టి పట్టీ బిగించింది. ఐలయ్య ఎక్కాడు. ఆడపిల్ల భుజం పట్టుకోవడానికి మొహమాటపడి వెనకున్న కమ్మీ పట్టుకున్నాడు. మొదటి మలుపులో ఆమె ఎడమకు వంగితే అతను కుడికి వంగాడు. బండి ఊగింది. తట్టాడు. నిజంగానే ఆపింది. వెనక కారువాడు హారన్‌తో చెవులకు చిల్లులు పొడిచాడు.

"జర ఆగన్నా, పెద్దమనిషి ఉన్నడు!" అని రజిత అరిచింది.

కొత్తగూడ దగ్గర మళ్లీ తట్టాడు. మళ్లీ ఆపింది.

"కాకా, గిట్ల ఆపుకుంట పోతే చిన్నమ్మకు ఆపరేషన్ రేపే ఇగ. ఆ కమ్మీ ఇడువు, భుజం పట్టుకో. నీ బిడ్డ లెక్కనే గద నేను."

పట్టుకున్నాడు. వాన తగ్గింది. హఫీజ్‌పేట్ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే కింద స్టేషన్ కనిపించింది. రోజూ తాను నిలబడే ప్లాట్‌ఫాం మీద జనం రాని రైలు కోసం చూస్తున్నారు. గాలి చొక్కాలో దూరి ఉబ్బించింది. అప్పుడు రాములు గుర్తొచ్చాడు. రోడ్డు మీద పడి ఉన్న రాములు కాదు. అంతకు ముందటి రాములు. గాలికి చొక్కా బుడగలా ఉబ్బితే, "అన్నా, ఎట్లున్నది?" అని నవ్వుతూ కేకలేసిన రాములు. ఇన్నేళ్లూ ఆ పడటమే గుర్తుంది. ఈ నవ్వు ఎక్కడ దాక్కుందో! ఐలయ్య కళ్లు తడిశాయి. తుడుచుకోవాలంటే చెయ్యి వదలాలి, వదల్లేదు.

"కాకా, ఆల్విన్ చౌరస్తా వచ్చింది. ఎడమకు మలుపు."

వంగాడు, ఆమెతో పాటే. బండి మెత్తగా తిరిగింది.

"గింతేనా?" అన్నాడు ఐలయ్య.

"గింతే."

దవాఖానలో పరుగులాంటి నడకతో మెట్లెక్కి లోపలికి వెళ్లాడు. స్ట్రెచర్ పక్కన కుర్చీలో ఆపరేషన్ గౌను వేసుకుని చేతులు కట్టుకుని కూర్చుంది చంద్రమ్మ. అతన్ని చూసి నోరు తెరిచింది.

"ఏందయ్యా, నెత్తి మీద అది?"

హెల్మెట్ తీయడం మరిచిపోయాడు.

"బండి మీద వచ్చిన," అన్నాడు దొంగలా.

"ఓ స్వప్నా, సూడవే! పెండ్లికి నడుసుకుంట వచ్చినోడు ఇయ్యాల బండెక్కి వచ్చిండు!" నర్సు కసురుకునేదాకా నవ్వింది. తర్వాత గౌను సర్దుకుని లేచింది. "నువ్వే ఎక్కినవ్, ఇగ నాదేమున్నది" అంటూ ఎవరి చెయ్యీ అందుకోకుండా స్ట్రెచర్ ఎక్కి పడుకుంది.

స్ట్రెచర్ లోపలికి వెళ్లి ఆపరేషన్ గది తలుపు మూసుకున్నాక రజిత పైకి వచ్చింది.

"కాకా, నా హెల్మెట్! ఇంకో బుకింగ్ వచ్చింది నాకు."

పట్టీ ఊడదీయడం ఐలయ్యకు రాలేదు. ఆమే ఊడదీసింది.

"చిన్నమ్మ పోయిందా లోపటికి?"

"పోయింది బిడ్డా. నవ్వుకుంట పోయింది."

ఇంకా ఏదో చెప్పాలి. అతని కుడి చెయ్యి దానంతట అదే నుదుటి దాకా లేచింది. రోజంతా అద్దాలకు కొట్టే సెల్యూటే, కానీ ఈసారి ఎవరో కెమెరాలో చూస్తున్నారని కాదు.

రజిత ఒక్క క్షణం తెల్లబోయింది. హెల్మెట్ చంకలో పెట్టుకుని, కాళ్లు దగ్గరికి చేర్చి, తిరిగి సెల్యూట్ కొట్టి మెట్లు దిగింది.

తన సెల్యూట్‌కు తిరిగి సెల్యూట్ వస్తుందని ఐలయ్య ఎన్నడూ ఎరగడు. చెయ్యి దించడం కాసేపు మరిచిపోయాడు.